చదువులో భాగమైన పని: కో-ఆపరేటివ్ విద్య

ఇటీవల ఒక గ్రామములో పంచాయతీ కార్యాలయము ముందర సభ ముగిసిన పిమ్మట ఒక రైతు మా యొద్దకు వచ్చి ఒక కాగితము చూపెను. "అయ్యా, మా అబ్బాయికి కెనడాలో సీటు వచ్చిందండీ. కో-ఆపరేటివ్ చదువట. కొన్నాళ్లు చదువు, కొన్నాళ్లు పని. పనికి జీతం ఇస్తారట. ఆ జీతంతోనే ఫీజు తీరిపోతుందని సీటు ఇప్పించినాయన చెప్పాడు. ఉన్న మూడెకరాలు తాకట్టు పెడదామనుకుంటున్నాను. మీరేమంటారు?" అని అడిగెను. ప్రక్కనున్న పెద్దమనిషి యొకరు, "కో-ఆపరేటివంటే మన సొసైటీ లాంటిదే కదా, అప్పు కూడా వాళ్లే ఇస్తారేమో కనుక్కోవయ్యా" అని సలహా చెప్పెను.

ఆనాడు మేము ఆ రైతునకు తృప్తికరమైన సమాధానము చెప్పలేకపోతిమి. ఇట్టి కాగితము నేడు ఎన్నో గ్రామములలో ఎందరో తల్లిదండ్రుల చేతిలో నున్నది. కావున ఈ విద్యావిధానము ఎట్టిది, ఎక్కడ పుట్టినది, ఎట్లు నడచుచున్నది, దానిని నమ్ముకొని భూమిని తాకట్టు పెట్టవచ్చునా అను విషయములను ఇచ్చట వివరించుచున్నాము.

పేరులోని సహకారము

ముందుగా పేరును గురించి చెప్పవలెను. ఈ విద్యకును, మన గ్రామములలోని సహకార పరపతి సంఘములకును ఎట్టి సంబంధమును లేదు. ఇందులో వాటాలు లేవు, అప్పులు లేవు. ఇచ్చట సహకారమనగా ఒక విశ్వవిద్యాలయమును, ఒక కర్మాగారమో కార్యాలయమో కలసి ఒక విద్యార్థిని తీర్చిదిద్దుట. విద్యార్థి కొంతకాలము తరగతిలో చదువును, కొంతకాలము జీతముపై పనిచేయును, మరల తరగతికి వచ్చును. ఆ పనిని విశ్వవిద్యాలయము ముందుగా ఆమోదించును, జరుగుచుండగా విచారించును, ముగిసిన పిమ్మట పరిశీలించి చదువులో జమకట్టును. వాడుకలో దీనిని 'కో-ఆప్' అందురు.

సెలవులలో కూలికి పోయి పుస్తకముల ఖర్చు సంపాదించుకొను విద్యార్థులు మన దేశములోను కలరు. అది మెచ్చదగినదే కాని కో-ఆప్ విద్య కాదు. ఏలయన, ఆ కూలిపనికిని అతడు చదువు చదువునకును పొత్తు లేదు. కో-ఆప్‌లో విద్యుత్తును గురించి చదువువాడు విద్యుత్ సంస్థలోనే పనిచేయును. లెక్కల చదువు చదువునామె గణాంకశాఖలోనో భీమా సంస్థలోనో పనిచేయును. చదివినది చేతితో చేసి చూచుట, చేసినదానిని మరల పుస్తకముతో సరిచూచుకొనుట ఇందలి ముఖ్యోద్దేశము.

ఈ విధానము పుట్టుక

ఈ విధానమునకు మూలపురుషుడుగా హెర్మన్ ష్నైడర్ అను అమెరికా ఇంజనీరును పేర్కొందురు. ఆయన లీహై విశ్వవిద్యాలయములో చదివి, వంతెనల నిర్మాణములో పనిచేసి, పిమ్మట అచ్చటనే అధ్యాపకుడయ్యెను. చదువు ముగించి వెళ్లిన శిష్యులలో ఎవరు త్వరగా రాణించుచున్నారని ఆయన పరిశీలించెను. చదువుకొను రోజులలోనే ఏదో యొక పనిచేసి చేయి తిప్పుకొన్నవారే ఎక్కువగా ముందున్నట్లు ఆయనకు తోచెను.

ఆయనకు మరియొక ఆలోచనయు కలిగెను. కర్మాగారములలోని యంత్రములు ఏటేట మారుచుండును. అట్టి యంత్రములను కొని ప్రయోగశాలలో ఉంచుట ఏ కళాశాలకైనను శక్తికి మించిన పని. కర్మాగారమునే ప్రయోగశాలగా చేసికొన్నచో కళాశాలకు వ్యయము తగ్గును, విద్యార్థికి నేటి యంత్రము చేతికందును, యజమానికి రేపటి ఇంజనీరు నేడే పరిచయమగును. ముగ్గురికిని లాభమే.

ష్నైడర్ 1903లో సిన్సినాటి విశ్వవిద్యాలయమునకు వెళ్లి, అచ్చటి పాలకవర్గమును ఎట్టకేలకు ఒప్పించి, 1906లో 27 మంది విద్యార్థులతో ఈ విధానమును ప్రారంభించెను. వారు ఇద్దరిద్దరు జతగా ఉండిరి. ఒక వారము ఒకడు తరగతిలో నుండగా రెండవవాడు కర్మాగారములో పనిచేయును. మరుసటి వారము ఇద్దరును స్థానములు మార్చుకొందురు. ఇందువలన యజమానికి పని ఆగదు, విద్యార్థులకు చదువు ఆగదు.

బోస్టన్ నగరములో నేడు నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయమని పిలువబడు సంస్థ 1909లో ఈ పద్ధతిని చేపట్టెను. ఇది ఇంజనీర్లకు మాత్రమే కాదని నిరూపించినది ఒహాయో రాష్ట్రములోని ఆంటియాక్ కళాశాల. అచ్చట 1921లో ఆర్థర్ మోర్గన్ సాహిత్యము, చరిత్ర చదువు విద్యార్థులకు గూడ పనికాలములను విధించెను. ఇంగ్లండులో సండర్లాండ్ సాంకేతిక కళాశాల అంతకు మునుపే, 1903లో, ఇట్టి పద్ధతిని ఆరంభించినది. రెండు రొట్టెముక్కల నడుమ కూర ఉంచినట్లు రెండు చదువుల నడుమ పని ఉండుటచే అచ్చట దీనికి 'సాండ్‌విచ్' కోర్సు అను పేరు స్థిరపడినది. మన పాలిటెక్నిక్కులలోని మూడున్నర సంవత్సరముల సాండ్‌విచ్ డిప్లొమాలకు ఆ పేరు ఇట్లు వచ్చినదే.

వాటర్లూ నడచిన దారి

మన పిల్లలు ఎక్కువగా వినుచున్న పేరు కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయము. అది ఈ పద్ధతిపైననే పుట్టి పెరిగినది. 1956లో ఒక రబ్బరు సంస్థ అధ్యక్షుడైన ఐరా నీడిల్స్ దేశములో ఇంజనీర్ల కొరత ఎట్లు తీరునని ఒక ప్రసంగములో ప్రశ్నించి, చదువును పనిని జోడించు ఒక ప్రణాళికను సూచించెను. అదే సంస్థలో పనిచేసి వచ్చిన జెరాల్డ్ హేగీ ఆ ప్రణాళికను ఆచరణలో పెట్టెను. 1957 జులైలో డెబ్బదికి పైగా విద్యార్థులతో తరగతులు మొదలైనవి. నేడు అచ్చట ఇరువదివేలకు పైగా విద్యార్థులు కో-ఆప్ పద్ధతిలో చదువుచున్నారు.

అచ్చట సంవత్సరమును నాలుగేసి నెలల మూడు భాగములుగా విభజించిరి. ఒక్కొక్క భాగమును 'టర్ము' అందురు. ఇంజనీరింగు విద్యార్థికి ఎనిమిది చదువు టర్ములు, ఆరు పని టర్ములు ఉండును. అనగా 32 నెలల చదువు, 24 నెలల పని. పని కలియుట వలన పట్టము చేతికి వచ్చుటకు నాలుగు సంవత్సరముల ఎనిమిది నెలలు పట్టును.

పని ఎట్లు దొరకును? ఇచ్చటనే అనేకులు పొరపడుచున్నారు. విశ్వవిద్యాలయము ఎవరికిని ఉద్యోగము పంచిపెట్టదు. సంస్థలు తమకు కావలసిన పనులను ప్రకటించును. విద్యార్థి దరఖాస్తు పెట్టుకొని ఇంటర్వ్యూకు వెళ్లవలెను. పిమ్మట సంస్థ తాను చూచినవారికి వరుస సంఖ్యలు వేయును, విద్యార్థియు తనకు నచ్చిన పనులకు వరుస సంఖ్యలు వేయును. ఈ రెండింటిని జోడించి ఎవరికి ఏ పని అన్నది నిర్ణయింతురు. ఒక విడతలో దొరకనివాడు మరియొక విడతలో ప్రయత్నించవలెను. పని ముగిసిన పిమ్మట యజమాని అతని పనిని గురించి అభిప్రాయము వ్రాయును, విద్యార్థియు నేర్చినదానిని వ్రాసి చూపవలెను.

కెనడాలో ఇట్టి విద్యకు గుర్తింపు నిచ్చు సంఘము కొన్ని నియమములను విధించినది. పని విద్యార్థి చదువునకు తగినదై ఉండవలెను. అతడు ఊరక చూచువాడుగాక నిజముగా పనిచేయువాడై ఉండవలెను. జీతము ఉండవలెను. విద్యాసంస్థ పరిశీలన ఉండవలెను. సాధారణముగా చదువుకాలములో నూటికి 30 వంతులకు తగ్గకుండ పనికాలము ఉండవలెను. ఈ కొలతబద్దను మన పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను. కాగితముపై 'కో-ఆప్' అని వ్రాసియున్నంతమాత్రమున అది ఈ కొలతకు నిలువదు.

లాభములును, కష్టములును

ఈ పద్ధతివలన లాభములు స్పష్టము. పట్టము పుచ్చుకొనునాటికే విద్యార్థికి ఒకటి రెండేండ్ల అనుభవముండును. తనకు సరిపడని వృత్తి ఏదో ముందే తెలియును. నాలుగు నెలలు ప్రయోగశాలలో గడిపి అది తనకు తగదని గ్రహించుటయు లాభమే. పై అధికారితో, తోటి పనివానితో ఎట్లు మెలగవలెనో తెలియును. పల్లెనుండి వెళ్లి సభాకంపముతో నోరు విప్పలేని బిడ్డకు ఇది చిన్న లాభము కాదు.

కష్టములును కలవు. నాలుగు నెలలకొకసారి ఊరు మారవలసివచ్చును, ఇల్లు వెదకుకొనవలెను. చదువుచుండగనే పనికొరకు ఇంటర్వ్యూలకు తిరుగవలెను. అన్నిటికంటె పెద్ద కష్టము కాలమును బట్టి వచ్చును. దేశములో వ్యాపారము మందగించినపుడు సంస్థలు ముందుగా తగ్గించునవి విద్యార్థుల పనులే. 2020లో కోవిడ్ వ్యాధి ప్రబలినపుడు కో-ఆప్ పనులు అనేకము రద్దైనవి, మరికొన్ని ఇంటినుండి చేయు పనులుగా మారినవి. వానపై ఆధారపడిన పంట వలెనే ఈ జీతముపైనను మనకు పూర్తి అధికారము లేదు.

మన దేశములో

మన దేశములో ఈ భావము క్రొత్తది కాదు. 1961లో పార్లమెంటు అప్రెంటిసుల చట్టమును చేసినది. మొదట అది కర్మాగారములలో చేతిపని నేర్చువారికి వర్తించెను. 1973లో సవరించి ఇంజనీరింగు పట్టభద్రులను, డిప్లొమా పొందినవారిని గూడ అందులో చేర్చిరి. చదువు ముగిసిన పిమ్మట ఒక సంవత్సరము సంస్థలో శిక్షణ పొందుచు భృతి తీసికొనుట ఇందలి ఏర్పాటు. 2019లో సవరించిన నియమములు పట్టభద్రులకు నెలకు 9,000 రూపాయలు, డిప్లొమావారికి 8,000 రూపాయలు కనీస భృతిగా నిర్ణయించినవి. కనీస భృతిలో సగము కేంద్రప్రభుత్వము భరించును. దక్షిణ రాష్ట్రములకు సంబంధించిన మండలి చెన్నైలో కలదు. అయితే ఇది చదువు ముగిసిన పిమ్మట వచ్చు శిక్షణ. కో-ఆప్ చదువు నడుమ వచ్చునది. రెంటికిని గల భేదమిదియే.

చదువు నడుమ పని ఉంచిన సంస్థలలో పిలానీలోని బిట్స్ ముఖ్యమైనది. అచ్చట 1973లో 'ప్రాక్టీస్ స్కూల్' అను పద్ధతి ప్రారంభమైనది. విద్యార్థులు ఒకసారి రెండు నెలలు, మరియొకసారి ఐదున్నర నెలలు పరిశ్రమలలో గడుపుదురు. ఆ సంస్థకు హైదరాబాదు సమీపముననూ ఒక ఆవరణ కలదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 విద్యాసంవత్సరము నుండి సాధారణ డిగ్రీ కోర్సులలో పది నెలల శిక్షణను చేర్చిరి. అందులో గ్రామములలో ప్రజల మధ్య చేయు సేవా ప్రాజెక్టు గూడ నున్నది. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2025లో డిగ్రీలోనే అప్రెంటిసుషిప్‌ను చేర్చుటకు మార్గసూచనలు వెలువరించినది.

ఇన్ని అవకాశములు ఇంటి సమీపముననే ఉండగా, విదేశముల మాట వచ్చినపుడు వీనిని ఎవరును చెప్పుట లేదు. అయితే ఇచ్చటి శిక్షణలలో అనేకమునకు జీతము ఉండదనియు, కొన్నిచోట్ల ధ్రువపత్రము తెచ్చుటతోనే పని ముగిసినట్లు భావించుచున్నారనియు గూడ మేము ఒప్పుకొనవలెను. పనిలేని ధ్రువపత్రము విత్తులేని పొట్టు వంటిది.

జీతముతో రుసుము తీరునా?

ఇక ఆ రైతు అడిగిన ప్రశ్నకు వత్తము. కెనడాలో పరదేశ విద్యార్థి చెల్లించు రుసుము ఆ దేశపు విద్యార్థి చెల్లించుదానికి అనేక రెట్లు ఉండును. కో-ఆప్ విద్యార్థులనుండి అందుకొరకు వేరొక రుసుమును గూడ వసూలు చేయుదురు. వచ్చిన జీతములో పన్ను, ఇతర కోతలు పోవును. మిగిలినదానిలో ఇంటి అద్దె, తిండి ఖర్చు పోవలెను. కో-ఆప్ జీతము ఖర్చులకు మంచి ఆసరాయే. కాని పరదేశ విద్యార్థికి అది రుసుమునంతటిని తీర్చునని లెక్కవేసికొనరాదు.

ఒక చిన్న లెక్క చూడుడు. మన పిల్లలు అనేకులు చేరునది ఐదేండ్ల ఇంజనీరింగులో కాదు, రెండేండ్ల కళాశాల డిప్లొమాలలో. అట్టి కోర్సులో పని టర్ము ఒకటే ఉన్నచో జీతము వచ్చునది నాలుగు నెలలు మాత్రమే. తక్కిన నెలల వ్యయమునకు వేరే దారి చూచుకొనవలెను. పైగా రుసుము ముందు కట్టవలెను, జీతము వెనుక వచ్చును. పెట్టుబడి ముందు, పంట తరువాత అన్న సంగతి రైతునకు మేము చెప్పనక్కరలేదు.

కెనడా ప్రభుత్వమే ఈ విషయమున జాగ్రత్తపడినది. ఒక విద్యార్థి తన జీవనవ్యయమునకు చూపవలసిన మొత్తము 10,000 డాలర్లుగా నుండెడిది. 2024 జనవరి 1 నుండి దానిని 20,635 డాలర్లకు పెంచిరి. అటుపిమ్మట మరల పెంచిరి. ఇది రుసుము, ప్రయాణపు ఖర్చులు గాక. రాబోవు కో-ఆప్ జీతమును చూపి ఈ మొత్తమును తప్పించుకొనుటకు వీలులేదు. పనిచేసి పోషించుకొనగలనను ఆశపై రావద్దని ఆ దేశపు నియమమే చెప్పుచున్నది.

అమెరికాలో నియమములు మరియొక తీరుగ నున్నవి. అచ్చట పరదేశ విద్యార్థి చదువులో భాగముగా పనిచేయుటకు ముందుగా అనుమతి పొందవలెను. సాధారణముగా ఒక విద్యాసంవత్సరము చదివినగాని ఆ అనుమతి రాదు. పట్టభద్రానంతర కోర్సులలో కొన్నిటికి మాత్రము మినహాయింపు కలదు. పూర్తికాలము పండ్రెండు నెలలు ఇట్లు పనిచేసినచో, చదువు ముగిసిన పిమ్మట అదే స్థాయికి లభించు పని అనుమతిని పోగొట్టుకొందురు.

ఈ పని అనుమతిని ఆశచూపి కొందరు చేసిన వ్యాపారము ఎట్లు ముగిసెనో 2019లో మన తెలుగువారు కన్నులార చూచిరి. మిషిగన్ రాష్ట్రములో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమను పేరుతో ఒక సంస్థ ఉండెను. అందులో అధ్యాపకులు లేరు, తరగతులు లేవు. అక్రమములను కనిపెట్టుటకు అమెరికా ప్రభుత్వాధికారులే దానిని నెలకొల్పిరి. రుసుము కట్టి అందులో చేరినవారు విద్యార్థులుగా పేరు పెట్టుకొని ఉద్యోగములు చేయుచుండిరి. 2019 జనవరిలో అరెస్టులు మొదలైనవి. అరెస్టయినవారిలో అత్యధికులు భారతీయులు, వారిలో తెలుగువారు అనేకులు. విద్యార్థులను చేర్పించినందుకు ఎనిమిదిమంది దళారులపై అభియోగములు మోపిరి. చదువు లేని పనిని చదువు పేర అమ్మినవారు కొందరు, కొన్నవారు అనేకులు. ఆ నష్టములో ఎక్కువ భాగము ఇచ్చటి తల్లిదండ్రుల మీదనే పడినది.

అడుగవలసిన ప్రశ్నలు

కావున సీటు కాగితము చేతికి వచ్చినపుడు, భూమి కాగితము పెట్టెనుండి తీయకముందు ఈ ప్రశ్నలకు విద్యాసంస్థ నుండి వ్రాతపూర్వకముగా సమాధానములు తెప్పించుకొనవలెను. దళారి నోటిమాట చాలదు.

1. ఈ కోర్సులో కో-ఆప్ తప్పనిసరి భాగమా, లేక మార్కులను బట్టి కొందరికే ఇచ్చు అవకాశమా? 'పోటీపడుటకు అర్హుడు' అని వ్రాసియున్నచో పని దొరకునని అర్థము కాదు.

2. పని టర్ములు ఎన్ని? మొదటి పని టర్ము ఎన్నవ నెలలో వచ్చును? అంతవరకు రుసుము ఎన్ని వాయిదాలు కట్టవలెను?

3. గడచిన సంవత్సరములలో ఈ కోర్సు విద్యార్థులలో ఎందరికి పని దొరకినది? వారిలో పరదేశ విద్యార్థులు ఎందరు?

4. పని దొరకనిచో పట్టము ఆగునా? అదనపు టర్మునకు మరల రుసుము కట్టవలెనా?

5. కో-ఆప్ రుసుము వేరుగా ఎంత?

6. పని అనుమతికి నేటి నియమమేమి? నియమములు తరచు మారుచుండును గనుక ఆ దేశ ప్రభుత్వపు అధికార ప్రకటనలలోనే చూచుకొనవలెను.

ఈ ప్రశ్నలను అబ్బాయిగాని, అమ్మాయిగాని స్వయముగా వ్రాసి పంపుట మంచిది. కో-ఆప్ విద్యలో పనికొరకు వ్రాయవలసినదియు, అడుగవలసినదియు వారే. ఒక్క ఉత్తరము వ్రాయుటకు దళారిపై ఆధారపడు విద్యార్థి ఆరు సంస్థలలో ఇంటర్వ్యూ ఎట్లు నెగ్గగలడు? ఇది తల్లిదండ్రులు ఇంటనే చేయగల మొదటి పరీక్ష.

ముగింపు

కో-ఆపరేటివ్ విద్య మంచి విద్య. నూరేండ్లకు పైగా అది నిలిచియున్నది. నాగలి పట్టనిదే దున్నుట రాదని ఎరిగిన మన గ్రామస్థులకు దాని విలువను వేరుగా బోధింపనక్కరలేదు. అందు జీతము మేలైన అంగమే. కాని ఆ విద్య జీతము కొరకు పుట్టలేదు, నేర్చుట కొరకు పుట్టినది. నేర్చుటను వెనుకకు నెట్టి జీతమును ముందుంచి చెప్పువాని మాటను అనుమానించవలెను.

ఆ రైతునకు మేము చెప్పదలచినదిది. మీ అబ్బాయి చదువుటకు వెళ్లుట మంచిదే. అయితే మీరు వ్యయపు లెక్క వేయునపుడు కో-ఆప్ జీతమును సున్నగా వేసికొనుడు. ఆ లెక్కతోను మీరు నిలువగలిగినచో పంపుడు. పిమ్మట జీతము వచ్చినచో అది అప్పు త్వరగా తీర్చుటకు తోడ్పడును. జీతము వచ్చిననే గాని లెక్క నిలువదనినచో మూడెకరములను తాకట్టు పెట్టకుడు. అబ్బాయికి ఇచ్చటనే అప్రెంటిసు శిక్షణలు కలవు, పని కలిసిన కోర్సులు కలవు. అనుభవము సంపాదించి రెండేండ్ల తరువాత వెళ్లినను ఆ విశ్వవిద్యాలయములు అచ్చటనే ఉండును. పోయిన భూమి మాత్రము మరల రాదు.